“బాగున్నా సార్” అన్నప్పుడు గుండె ఏమంటోంది?

పోయిన ఎపిసోడ్ విన్నాక చాలామంది ఒకే ప్రశ్న పంపారు. “అన్నా, మనసు కుదుటపడిందని నీకెట్లా తెలిసింది? దానికేమన్నా మీటరుందా?” ఫహాహీల్ నుంచి ఒకాయన “టేపు పెట్టి కొలిచినారా?” అని అడిగి పక్కన నవ్వే బొమ్మ కూడా పెట్టాడు. ఎపిసోడ్‌లో టైం చాలక నేను దాటేసిన భాగం అదే. మాట్లాడిందంతా ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉంది కాబట్టి ఇక్కడ కొలత సంగతి మాత్రం రాస్తాను.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. చదివింది కడపలో ఐటీఐ, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్. 2005 నుంచి కువైట్‌లో ఉన్నాను, ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌ని. లెవెల్ పెట్టి చూడనిదే గోడ నిలువుగా ఉందంటే నమ్మను. కౌన్సెలింగ్‌లో మేడం “మీ మీద మీరు కాస్త దయగా ఉండండి” అన్నప్పుడు కూడా నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట “ఉంటే ఏమవుతుంది మేడం, అయిందని ఎట్లా తెలుస్తుంది?” అనే.

ఎపిసోడ్ విననివాళ్ళ కోసం రెండు మాటలు. 2022 నవంబర్‌లో మా సైట్‌లో గోదావరి జిల్లా పిల్లోడు ఒకడు స్కాఫోల్డింగ్ మీద నుంచి పడ్డాడు. 24 ఏళ్ళు, షట్టరింగ్ హెల్పర్. స్కాఫోల్డింగ్‌కి గ్రీన్ ట్యాగ్ ఉంది, బెల్టు ఉంది, అన్నీ ఉన్నాయి. గాలి మాత్రం ఎక్కువగా ఉంది. “ఎక్కు” అన్నది నేను. ప్రాణం దక్కింది గానీ తుంటి ఎముక విరిగింది. రెండు నెలల తర్వాత చేతికర్రతో ఇంటికి పోయాడు. విచారణ కాగితాల్లో నా తప్పని ఎవరూ రాయలేదు. నాకు నేనే రాసుకున్నాను, రోజూ రాత్రి పూట.

ఆ తర్వాత పది నెలలు నేను సైట్‌లో అరవని రోజు లేదు. రాజంపేటలో మా ఆవిడ ఫోన్‌లో “నీ గొంతు మారిపోయింది, పిల్లోళ్ళు నీతో మాట్లాడాలంటే భయపడతాండారు” అన్నాక, తెలిసినాయన ద్వారా హైదరాబాద్‌లో ఉన్న ఒక సైకాలజిస్ట్ మేడం దగ్గర ఆన్‌లైన్‌లో మొదలుపెట్టాను. జుమ్మా రోజు పొద్దున, క్యాంపు అంతా నిద్రలో ఉన్నప్పుడు, కారులో కూర్చుని.

మేడం వాడిన పద్ధతి పేరు కంపాషన్ ఫోకస్డ్ థెరపీ. దయను నేర్పించే వైద్యం అనుకోండి. దీన్ని తయారుచేసింది ఇంగ్లండ్‌లోని డెర్బీకి చెందిన సైకాలజిస్ట్ పాల్ గిల్బర్ట్. ఆయన దగ్గరికి వచ్చే డిప్రెషన్ మనుషులు, తమని తాము తిట్టుకోవడం తప్పని బుద్ధితో ఒప్పుకునేవాళ్ళట. “నేను పనికిమాలినవాణ్ణి కాదు, నన్ను ప్రేమించేవాళ్ళు ఉన్నారు” అని సరైన మాటలే మనసులో అనుకునేవాళ్ళట. అయినా గుణం కనబడేది కాదు. ఆ మాటలు లోపల ఏ గొంతుతో అనుకుంటున్నారు అని ఆయన అడిగితే అసలు విషయం బయటపడింది. మాట మంచిదే, గొంతు మాత్రం కోపంగా, ఈసడింపుగా ఉంది. ఇది వినగానే నాకు నవ్వొచ్చింది. మేం “జాగ్రత్త రా” అనే మాటనే తిట్టులాగా అంటాం కదా, అట్లాంటిదే.

గిల్బర్ట్ లెక్కలో మనిషి లోపల మూడు ఏర్పాట్లు ఉంటాయి. ప్రమాదాన్ని పసిగట్టి గంట కొట్టేది ఒకటి. సంపాదించు, సాధించు అని తరిమేది ఇంకొకటి. మూడోది, తల్లి ఒడిలో పిల్లాడికి దొరికే నెమ్మది లాంటిది. గల్ఫ్‌కి వచ్చిన మనలో మొదటి రెండూ రాత్రింబవళ్ళు డ్యూటీలో ఉంటాయి. మూడోది ఎయిర్‌పోర్టులో దిగినప్పుడు ఎక్కడో తప్పిపోయి ఉంటుంది. ఈ వైద్యం ఆ మూడోదాన్ని ఊపిరితో, ఊహతో, గొంతుతో మళ్ళీ పనిలోకి పిలుస్తుంది.

ఇదేదో తెల్లవాళ్ళ కొత్త సరుకు అనుకునేవాళ్ళకి ఒక సంగతి. అమెరికాలో అట్లాంటా దగ్గరి ఎమొరీ యూనివర్సిటీలో ఇట్లాంటిదే ఒక కరుణ శిక్షణ ఉంది. దాన్ని కూర్చింది లోబ్సాంగ్ టెన్జిన్ నేగీ. ఆయన టిబెట్ బౌద్ధం చదువుకున్న మనిషి. ఆ టిబెట్‌వాళ్ళు నెత్తిన పెట్టుకునే ఆచార్యుడు మన కృష్ణా తీరపు నాగార్జునుడు. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర పెట్టింది కూడా మన అమరావతిలోనే. అప్పటికి నేను కువైట్‌కి వచ్చి ఏడాదే అయింది. టీవీలో చూసి “ఎండలో ఇంతమంది ఏం చేస్తాండారు” అనుకున్నాను. సరే, కొలతకి వద్దాం.

మొదటి కొలత కాగితం

మేడం మొదటి వారమే రెండు ప్రశ్నపత్రాలు పంపింది. ఒకటి, 2004లో గ్రాట్జ్, రోమర్ అనే ఇద్దరు తయారుచేసింది. 36 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు. మొత్తం 36కీ 180కీ మధ్య వస్తుంది, ఎంత ఎక్కువ వస్తే అంత ఇబ్బంది అని లెక్క. ఇది అడిగేది కోపం ఉందా, బాధ ఉందా అని కాదు. బాధ వచ్చినప్పుడు అది ఏమిటో గుర్తుపడతావా, వచ్చినందుకు నీ మీద నీకే సిగ్గేస్తుందా, అప్పుడు చేతిలో పని చేయగలవా, నోరు అదుపులో ఉంటుందా, ఇది తగ్గుతుందన్న నమ్మకం ఉందా, ఇట్లా అడుగుతుంది. భావోద్వేగ నియంత్రణ అని పుస్తకాల్లో రాసేది దీన్నే. నియంత్రణ అంటే నొక్కిపెట్టడం అని నేను నలభై ఏళ్ళు అనుకున్నాను. అది తప్పని ఈ ప్రశ్నలు చదువుతుంటేనే అనుమానం వచ్చింది.

రెండోది 2003లో క్రిస్టిన్ నెఫ్ తయారుచేసిన 26 ప్రశ్నల పత్రం. తప్పు చేసినప్పుడు నీతో నువ్వు ఎట్లా ఉంటావు, స్నేహితుడితో ఉన్నట్టా, పోలీసోడితో ఉన్నట్టా, అని తేల్చేది.

మొదటి పత్రంలో నాకు 61 వచ్చింది. చాలా బాగున్నానన్నమాట! ఎందుకంటే అన్నిటికీ “బాగున్నా” అనే కొట్టాను. సైట్‌లో సేఫ్టీ ఫారం నింపే అలవాటు నాది, టిక్కు, టిక్కు, టిక్కు, సంతకం. మేడం ఏమీ అనలేదు. మూడో వారం మళ్ళీ అదే పత్రం పంపి “ఈసారి మీ ఆవిడ పక్కన కూర్చుని చూస్తోందనుకుని నింపండి” అంది. 118 వచ్చింది.

కాగితంతో చిక్కు ఇదే. మనిషి చెప్పాలనుకున్నదే చెప్తాడు. కొన్నిసార్లు అబద్ధం కూడా కాదు, వాడికే తెలియదు. స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ గ్రాస్ అనే ఆయన దీని మీద పేరున్న పరీక్ష ఒకటి చేశాడు. 1998లో అచ్చయింది. ఆపరేషన్ చేసి అవయవం తీసేసే సినిమా ముక్క కొందరికి చూపించాడు. కొందరిని ముఖంలో ఏమీ కనబడనీయొద్దన్నాడు. కొందరిని డాక్టర్ చూసినట్టు, దూరంగా నిలబడి ఆలోచిస్తూ చూడమన్నాడు. మూడో జట్టుకి ఏమీ చెప్పలేదు. ముఖం బిగబట్టినవాళ్ళు బయటికి రాయిలాగా ఉన్నారు గానీ వాళ్ళ ఒంట్లో అలజడి మామూలుగా చూసినవాళ్ళ కంటే ఎక్కువైంది. చూసే తీరు మార్చుకున్నవాళ్ళకి అసహ్యం తగ్గింది, ఒంటి మీద ఆ అదనపు భారమూ పడలేదు. ముఖం దాచిన బాకీ ఒళ్ళు కట్టిందన్నమాట. మనం ఊరికి వీడియో కాల్ చేసే ముందు కారు అద్దంలో చూసుకుని ముఖం సర్దుకుంటామే, ఆ అయిదు నిమిషాల్లో మన ఒళ్ళు ఏం చేస్తుందో ఎవరైనా కొలిస్తే బాగుండు.

రెండో కొలత గుండె చప్పుడు, దాని మధ్య ఖాళీ

అందుకే మేడం ఛాతీకి కట్టుకునే బెల్టు ఒకటి కొనుక్కోమంది. చేతి వాచీ చర్మంలోకి ఆకుపచ్చ వెలుతురు పంపి రక్తం పొంగుని చూస్తుంది. చేయి కదిలితే అది తికమకపడుతుంది. బెల్టు గుండె నుంచి వచ్చే కరెంటునే పట్టుకుంటుంది కాబట్టి నిలకడగా ఉంటుంది.

గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటుందంటే గడియారంలాగా ఒకే లెక్కన కొట్టుకుంటుందని నేను అనుకునేవాణ్ణి. కాదట. ఊపిరి లోపలికి పీలిస్తే కొంచెం వేగం, వదిలితే కొంచెం నెమ్మది. వదిలేటప్పుడు వేగస్ నాడి గుండెకి బ్రేకు వేస్తుంది. ఆ బ్రేకు బాగా పనిచేస్తుంటే చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఖాళీ మారుతూ ఉంటుంది. మనిషి భయంలో ఉంటే బ్రేకు మీద నుంచి కాలు తీసేస్తాడు, అప్పుడు ఖాళీలన్నీ దాదాపు ఒకటే అయిపోతాయి. అంటే ఇక్కడ సమానంగా ఉండటం మంచిది కాదు. లెవెల్ చూసుకుని బతికే నాలాంటోడికి ఇది ఒంటబట్టడానికి రెండు వారాలు పట్టింది.

లెక్క చూడండి, కష్టం కాదు. నాలుగు ఖాళీలు 800, 840, 810, 850 మిల్లీ సెకన్లు అనుకోండి. పక్కపక్క వాటి తేడాలు 40, 30, 40. ఒక్కోదాన్ని దానితోనే గుణిస్తే 1600, 900, 1600. సగటు సుమారు 1367. దానికి వర్గమూలం తీస్తే 37. ఇదే ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ. యాప్‌లో కనబడేది ఎక్కువగా ఇదే. నిజంగా తీసేటప్పుడు నాలుగు చప్పుళ్ళు సరిపోవు, అయిదు నిమిషాలు తీయాలి. 1996లో యూరప్, అమెరికా గుండె నిపుణులు కూర్చుని పెట్టుకున్న పద్ధతి అది. ఇంకొకటి, నా 25ని నీ 40తో పోల్చకూడదు. వయసు, మందులు, ఒంటి తీరు, అన్నీ దాన్ని మారుస్తాయి. ఎవరి అంకె వాళ్ళ పాత అంకెతోనే చూసుకోవాలి.

ఇప్పుడు నా మొదటి పరీక్ష. మేడం కళ్ళు మూసుకోమని, నా మేలు తప్ప ఇంకేమీ కోరని మనిషి ఎవరైనా ఎదురుగా ఉన్నారని ఊహించుకోమంది. నాకు మా అవ్వ వచ్చింది. తల మీద చేయి పెట్టి “తిన్యావా నాయనా” అంది. ఇక నెమ్మది రావాలి కదా? గుండె 76 నుంచి 91కి పోయింది. ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ 20 నుంచి 13కి పడింది. కారు తలుపు తీసి బయటికొచ్చి నిలబడ్డాను. అవ్వ 2014లో పోయింది. సెలవు దొరకలేదు, నేను పోలేదు. పిల్లోణ్ణి పడేసినవాణ్ణి, అవ్వ ముఖం చూడనివాణ్ణి, నాకెందుకు ఈ చేయి అనిపించింది.

“మేడం, మందు వికటించింది” అన్నాను.

అప్పుడామె చెప్పింది, 2008లో రాక్లిఫ్, గిల్బర్ట్ వాళ్ళు ఇదే ఊహను కొందరితో చేయించి గుండె ఖాళీలూ, ఉమ్ములో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనూ కొలిచారని. కొందరికి గుండె నెమ్మదించింది, కార్టిసాల్ తగ్గింది. తమని తాము ఎక్కువ తిట్టుకునేవాళ్ళకి మాత్రం గుండె ఖాళీలు తగ్గిపోయాయి. దయ చూపిస్తే ఒళ్ళు దాన్ని ప్రమాదంగా తీసుకుంది. చిన్న పరీక్షే గానీ తర్వాత గిల్బర్ట్ బృందం దయ అంటే భయం ఎంతుందో కొలవడానికి 2011లో వేరే ప్రశ్నపత్రమే తయారుచేయాల్సి వచ్చింది.

నాకు ఇది పెద్ద మాట. ఎందుకంటే నా సైట్‌లోనే చూశాను. ఎప్పుడూ తిట్లు తినే కుర్రోడి భుజం మీద చేయి వేసి “బాగా చేసినావ్ రా” అంటే వాడు బిక్కచచ్చిపోయి “ఏమైంది సార్, తీసేస్తారా నన్ను?” అని అడిగాడు. వాడికి బెల్టు కట్టలేదు గానీ, కట్టి ఉంటే ఏం చూపించేదో నాకు తెలుసు.

అందరికీ ఇట్లా కాదు. ఇంగ్లండ్‌లోనే ఎక్సెటర్ యూనివర్సిటీలో 135 మంది విద్యార్థులని అయిదు జట్లుగా చేసి తలా 11 నిమిషాల ఆడియో వినిపించారు, 2019లో అచ్చయింది. దయ ఆడియో విన్న రెండు జట్లకీ గుండె వేగం రెండు మూడు చప్పుళ్ళు తగ్గింది, ఖాళీలు పెరిగాయి, అరచేతి చెమట తగ్గింది. తమ తప్పులు తలుచుకోమని చెప్పిన జట్టుకి వేగం పెరిగింది. అవి ఆరోగ్యంగా ఉన్న పిల్లల లెక్కలు. దెబ్బ తిన్న మనిషి ఆ లెక్కకి రాలేదని వాడి వైద్యం ఆపేయకూడదు. నెమ్మదిగా, చిన్న మోతాదులో పోవాలి. మేడం అవ్వని పక్కన పెట్టించి మా ఇంటి ముందు వేపచెట్టుతో మొదలుపెట్టింది. చెట్టు మనిషిని ఏమీ అడగదు కదా.

ఉమ్ము, వెంట్రుక

మా ఇద్దరి దగ్గరా లేని కొలతలు కూడా ఉన్నాయి. కార్టిసాల్‌ని ఉమ్ములో చూస్తారు. ఇది పొద్దున నిద్ర లేచిన అరగంట, ముప్పావు గంటలో బాగా పెరిగి సాయంత్రానికి తగ్గుతుంది. ఒత్తిడి మొదలైన వెంటనే కాదు, ఇరవై ముప్పై నిమిషాలకి ఎక్కువగా కనబడుతుంది. అందుకే ఎప్పుడు తీశారన్నది చెప్పకుండా కార్టిసాల్ ఇంత అంటే దానికి విలువ లేదు.

కొలవడానికి ముందు మనిషిని ఒత్తిడిలో పెట్టాలి. దానికి జర్మనీలోని ట్రియర్ ఊరిలో 1993లో ఒక పద్ధతి కనిపెట్టారు. నవ్వని ముఖాలతో కూర్చున్నవాళ్ళ ముందు అయిదు నిమిషాలు ఉద్యోగ ఇంటర్వ్యూలాగా మాట్లాడాలి. తర్వాత అయిదు నిమిషాలు 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ పోవాలి, తప్పితే మళ్ళీ మొదటి నుంచి. వీసా స్టాంపింగ్ కౌంటర్ ముందు నిలబడ్డ మనకి దీనికి పరిచయం అక్కర్లేదు.

లైప్‌జిగ్‌లో టానియా సింగర్ బృందం 300 మందికి పైగా జనానికి తొమ్మిది నెలల శిక్షణ ఇచ్చింది. మూడు రకాలు, ఒక్కోటి మూడు నెలలు. ఒకటి ఊపిరి మీదా ఒంటి మీదా ధ్యాస. ఇంకొకటి కరుణ. మరొకటి ఎదుటివాడి కోణం నుంచి చూడటం. ఈ చివరి రెండింటిలో రోజూ పది నిమిషాలు ఇంకొక మనిషితో జతగా కూర్చుని, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వినడం ఉంది. ఆ తర్వాత ట్రియర్ పరీక్ష పెట్టారు. 2017లో ఫలితం వచ్చింది. మూడు రకాలవాళ్ళూ “ఒత్తిడి తగ్గింది” అనే చెప్పారు. కార్టిసాల్ మాత్రం కరుణ, ఎదుటివాడి కోణం నేర్చినవాళ్ళకే తగ్గింది, 51 శాతం దాకా. ఊపిరి ఒక్కటే చేసినవాళ్ళ నోరు తగ్గిందంది గానీ ఉమ్ము తగ్గలేదంది. మాట ఒక దారి, ఒళ్ళు ఒక దారి అనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

అయితే కథ అంత నున్నగా లేదు. అదే జనం వెంట్రుకల్లో కార్టిసాల్ చూశారు. వెంట్రుక నెలకి ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి మూడు సెంటీమీటర్లు మూడు నెలల చిట్టా. అక్కడ ఆరు నెలల్లో సగటున పావు వంతు తగ్గింది, ఏ శిక్షణ అన్న తేడా లేకుండా. ఇక ఎమొరీలో 2009లో 61 మందితో చేసిన పరీక్షలో శిక్షణ తీసుకున్న జట్టుకీ తీసుకోని జట్టుకీ మొత్తం మీద తేడానే లేదు. శిక్షణ జట్టు లోపల చూస్తే మాత్రం ఎక్కువ సాధన చేసినవాళ్ళకి ఒత్తిడి తర్వాత ఒంట్లో వాపు గుర్తు తక్కువగా ఉంది. సాధన వల్ల అట్లా అయిందా, లోపల నెమ్మది ఉన్నవాళ్ళే ఎక్కువ సాధన చేశారా? ఆ లెక్కతో తేలదు. యూట్యూబ్‌లో “కరుణతో కార్టిసాల్ సగం” అని చెప్పేవాళ్ళు ఈ రెండో సగం చెప్పరు. నాకు కోపమొచ్చేది అక్కడే.

నా అంకెలు

పద్నాలుగు వారాలు చేశాను. పొద్దున లేవగానే, టీ తాగక ముందు, అయిదు నిమిషాలు బెల్టు కట్టుకుని కూర్చునేవాణ్ణి. మొదటి పదిహేను రోజుల సగటు 22. చివరి పదిహేను రోజుల సగటు 25. నేను సంబరపడ్డాను. మేడం నీళ్ళు చల్లింది, “మీకు ఒక రోజుకీ ఇంకో రోజుకీ మధ్యే ఎనిమిది దాకా తేడా ఉంది, ఈ మూడుని లెక్కలో పెట్టుకోకండి” అని. కాగితం మార్కు 118 నుంచి 87కి దిగింది. ఆమె దాన్ని కొంచెం నమ్మింది. “అసలు కొలత ఇంకా తీయలేదు కదా” అంది.

అసలు కొలత ఏమిటో నాకు తెలుసు. ఆ పిల్లోడికి ఫోన్ చేయడం. 14 నెలలుగా నంబర్ తీయడం, పెట్టేయడం.

2024 జనవరిలో ఒక జుమ్మా రోజు బెల్టు కట్టుకునే చేశాను. డయల్ చేసే ముందు 98. రింగ్ అవుతుంటే 117. “అండీ, సార్! బాగున్నారా అండి?” అన్నాడు. నేను తయారుచేసుకున్న మాటలన్నీ పోయాయి. “నిన్ను ఎక్కమన్నది నేనే కదరా” అన్నాను. వాడు కాసేపు ఆగి, “మీరు అనకపోయినా ఎక్కేవాణ్ణండి, పని అదే కదండి. కానీ ఒక్కసారి ఫోన్ చేస్తారనుకున్నానండి” అన్నాడు.

అప్పుడు 121. ఆ రికార్డింగ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది, 41 నిమిషాలు. గుండె హాయిగా దిగిపోయిందని చెప్తే అబద్ధం. చివరికి కూడా 96 దగ్గరే ఉంది. మేడంకి పంపితే ఆమె చూసింది ఆ 121ని కాదు, దాని తర్వాత నేను ఫోన్ పెట్టేయలేదన్న సంగతిని. గంట మోగుతున్నా పరిగెత్తకుండా నిలబడటమే ఆమె కొలిచే నియంత్రణ అట. పాత నేనైతే వాడి మాటకి అరిచేవాణ్ణి, లేదా డబ్బులు పంపిస్తానని చెప్పి పెట్టేసేవాణ్ణి. వాడిప్పుడు తణుకులో సెల్‌ఫోన్ రిపేరు షాపులో కూర్చుంటున్నాడు. మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి ఉందట. నెలకొకసారి మాట్లాడుకుంటాం.

కొలిచేవాళ్ళకి

2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులు ఉండే బిల్డింగ్‌కి మంటలంటుకుని 50 మంది పోయారు. ఎక్కువమంది మన దేశంవాళ్ళు, అందులో ముగ్గురు ఆంధ్రావాళ్ళు. మేం ఉండే మహబూలా అక్కడికి దగ్గరే. ఆ తర్వాత మా క్యాంపులో చాలామంది చాలా రోజులు తలుపు దగ్గరే పడుకున్నారు. అడిగితే “బాగున్నాం సార్” అనేవాళ్ళు. అప్పుడే రాయచోటి కుర్రోడు ఒకడు నా దగ్గరికి వచ్చి “అన్నా, నా వాచీలో స్ట్రెస్ 84 చూపిస్తాంది, సచ్చిపోతానా?” అని అడిగాడు.

వాచీలో వచ్చే ఆ స్ట్రెస్ అంకె ఎక్కువగా గుండె ఖాళీల నుంచే కంపెనీవాళ్ళు తమ సొంత సూత్రంతో తీసేది. రిబౌండ్ హామర్‌తో కాంక్రీట్ మీద కొట్టినట్టు, పైపొర చెప్తుంది. కోర్ తీసి చూస్తే గానీ లోపల సంగతి తెలియదు. అదీగాక కువైట్ ఎండ వేరే. జూన్ నుంచి ఆగస్టు దాకా పదకొండు నుంచి నాలుగు వరకు బయట పని ఆపాలని రూలు ఉంది కదా. పొద్దున ఆరింటికి మొదలుపెట్టినా పదింటికే ఒళ్ళు కాగిపోతుంది. వేడికి, నీళ్ళు తక్కువ తాగినందుకు గుండె వేగం పెరుగుతుంది, ఖాళీలు తగ్గుతాయి. అది భయం కాదు, ఎండ. సిగరెట్టు, ఖాళీ కడుపున గావా, నైట్ డ్యూటీ, ఎనర్జీ డ్రింకు, ఇవన్నీ అంతే. అరచేతి చెమటని చిన్న కరెంటు పంపి కొలిచే పద్ధతి ఉంది గానీ, అది చల్లటి గదిలో కాసేపు కూర్చున్నాక మాత్రమే పనికొస్తుంది. మన సైట్‌లో కొలిస్తే అందరికీ ఆందోళన జబ్బే అని తేలుతుంది.

ఇంకో మోసం, ఊపిరిది. నిమిషానికి ఆరు సార్లు నెమ్మదిగా పీల్చి వదిలితే ఎవరికైనా ఆ కాసేపు గుండె ఖాళీలు బాగా పెరుగుతాయి, మనసులో ఎవరిని తిట్టుకుంటున్నా సరే. ఈ వైద్యంలో నెమ్మది ఊపిరి కూడా ఒక భాగం కాబట్టి, అంకె పెరిగింది దయ వల్లనా ఊపిరి వల్లనా అన్నది పరిశోధకులకే తలనొప్పి. నేను మామూలుగా ఊపిరి తీసుకుంటూనే కొలుస్తాను, సాధన చేసేటప్పుడు బెల్టు తీసేస్తాను.

ఆ కుర్రోణ్ణి వాచీ తీసి దిండు కింద పెట్టమని చెప్పి, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు, ఇంటికి ఫోన్ చేశావా, పొగ వాసన వచ్చినట్టు అనిపిస్తుందా అని మామూలుగా అడిగాను. మూడోదానికి తల ఊపాడు. ఇద్దరం కిందికి దిగి బిల్డింగ్ మెట్ల దారి, బయటికి పోయే తలుపు, తాళం ఎవరి దగ్గరుంటుందో, అన్నీ చూసొచ్చాం. వారం తర్వాత కూడా నిద్ర పట్టకపోతే క్లినిక్‌కి నేనే తీసుకుపోయాను.

మీలో ఎవరికైనా ఇట్లా ఉంటే ముందు దగ్గర్లోని క్లినిక్‌లో చూపించుకోండి, భాష రాకపోతే తెలిసినవాణ్ణి తోడు తీసుకుపోండి. ప్రాణం మీదికి వచ్చే ఆలోచనలుంటే ఆగొద్దు, కువైట్‌లో 112. ఊళ్ళో మీ ఇంటివాళ్ళకి అవసరమైతే టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. బెల్టు ఏ కంపెనీదని అడిగినవాళ్ళకి, ఛాతీకి కట్టేది ఏదైనా ఫరవాలేదు, ఫోన్‌కి కలిసేది చూసుకోండి. నాది సెకండ్ హ్యాండ్, ఆరు దినార్లు.